ప్రాజెక్టు డైరీ: ఎస్‌ఓఏ సర్వీసులు క్లౌడ్‌కి, కాంట్రాక్టులో రాయని సగంతో సహా

పని పరిధి ఇది. ఎస్‌ఓఏ (పనులను విడివిడి సర్వీసులుగా కట్టే పద్ధతి)లో కట్టిన 14 వెబ్ సర్వీసులు సొంత డేటాసెంటర్‌లో నడుస్తున్నాయి. అన్నీ సోప్ 1.1 (ఎక్స్‌ఎంఎల్ మెసేజ్‌లతో మాట్లాడే ప్రోటోకాల్), అన్నీ ఒకే ఈఎస్‌బీ (సర్వీసుల మధ్య మెసేజ్‌లను చేరవేసే మధ్యవర్తి సాఫ్ట్‌వేర్) వెనక. వీటిలో ధరలు, స్టాకు, కస్టమర్, ఆర్డరు, ఇన్‌వాయిస్ అనే ఐదూ క్లౌడ్‌కి వెళ్తాయి. లెడ్జర్, పేమెంట్లు, వాటిని అంటిపెట్టుకున్న మిగతావి డేటాసెంటర్‌లోనే ఉంటాయి. రెండింటి మధ్యలో ఐపీసెక్ వీపీఎన్, అంటే ఎన్‌క్రిప్ట్ చేసిన నెట్‌వర్క్ టన్నెల్.

సర్వీసులుగా విడగొట్టి ఉన్నాయి కదా, ఎత్తి అవతల పెడితే సరిపోతుందన్న అంచనాతో మొదలైన ప్రాజెక్టు ఇది. సర్వీసు కాంట్రాక్టు అంటే డబ్ల్యూఎస్‌డీఎల్ ఫైలు, సర్వీసును ఎలా పిలవాలో చెప్పేది. అందులో ఉండేది ఏ ఆపరేషన్‌కి ఏ ఇన్‌పుట్, ఏ అవుట్‌పుట్ అన్నంతవరకే. ఎంతసేపట్లో జవాబు రావాలి, ఒకే రిక్వెస్టు రెండుసార్లు వస్తే ఏం చేయాలి, ఏది నిజమైన ఫెయిల్యూర్, ఏది మామూలు 'లేదు' అన్న జవాబు, ఇవేవీ అందులో ఉండవు. అన్నీ ఒకే గదిలో ఉన్నన్నాళ్ళూ ఆ లోటు కనిపించలేదు. ఈ డైరీలో సగానికి పైగా ఆ రాయని సగాన్ని రాసుకున్న వైనమే.

వారం 1: ఎవరు ఎవరిని పిలుస్తున్నారు

డాక్యుమెంట్లను నమ్మకుండా ఈఎస్‌బీ యాక్సెస్ లాగ్ నుంచి మొదలుపెట్టాం. 35 రోజుల లాగ్ తీసుకున్నాం. 30 రోజులైతే నెలాఖరు బ్యాచ్ ఒక్కోసారి అంచున తప్పిపోతుంది. త్రైమాసిక ముగింపులో మాత్రమే వచ్చే కాల్స్ కోసం పాత ఆర్కైవ్ నుంచి ఆ నాలుగు రోజుల లాగ్ విడిగా తెప్పించాం. ఈ పని చేయకపోతే 'ఎవరూ వాడటం లేదు' అని తీసేసిన ఆపరేషన్ మూడు నెలల తర్వాత అర్ధరాత్రి గుర్తుకొస్తుంది.

లాగ్‌లో కనిపించనివి కూడా ఉంటాయి. సర్వీసును పిలవకుండా దాని టేబుళ్ళను నేరుగా చదివే రిపోర్టులు, రాత్రి స్క్రిప్టులు. వాటిని పట్టుకోవాలంటే డేటాబేస్ వైపు నుంచి సెషన్ల జాబితా చూడాలి: ఏ యూజర్, ఏ మెషీన్, ఏ ప్రోగ్రామ్. స్టాకు టేబుల్ మీద అలాంటివి ఆరు దొరికాయి. తీగ లాగితే డొంకంతా కదిలింది: ఆ ఆరింటిలో రెండు చదవడమే కాదు, రాస్తున్నాయి కూడా. సర్వీసు చేసే తనిఖీలేవీ ఆ రాతలకు వర్తించవు. ఈ రెండూ సర్వీసు ద్వారా రాసేలా మారేదాకా స్టాకును కదపకూడదని అక్కడికక్కడే నిర్ణయం.

ఒక్కో ఆపరేషన్‌కి షీట్‌లో ఒక వరుస పెట్టాం. గళ్ళు ఇవి: పిలిచేవాళ్ళు, రోజుకి కాల్స్, సగటు సమయం, 99వ పర్సెంటైల్ సమయం (వందలో 99 కాల్స్ ఇంతలోపే ముగుస్తాయి), పెద్ద మెసేజ్ సైజు, రెండుసార్లు వస్తే ఏమవుతుంది, సెషన్‌లో ఏమైనా దాచుకుంటుందా, ఫెయిల్ అయితే ఎవరికి తెలుస్తుంది. చివరి మూడు గళ్ళూ చాలావరకు ఖాళీ.

ఈ షీటే రిజిస్ట్రీ. డబ్ల్యూఎస్‌డీఎల్‌లతో పాటు గిట్‌లో ఉంటుంది, మార్పు కావాలంటే రివ్యూ దాటాలి. విడిగా యూడీడీఐ (వెబ్ సర్వీసుల డైరెక్టరీ) సర్వర్ పెట్టే ఆలోచన లేదు. ఐబీఎం, మైక్రోసాఫ్ట్, శాప్ కలిసి నడిపిన పబ్లిక్ యూడీడీఐ రిజిస్ట్రీనే 2006లో మూసేశారు. మనుషులు రోజూ తెరిచి చూసే చోట లేని రిజిస్ట్రీ పాతబడిపోతుంది.

వారం 2: ఏది ముందు

ఒకదానికొకటి ఎంత కబుర్లాడుకుంటాయన్నది మొదటి కొలత. ఆర్డరు స్క్రీన్ ఒకసారి తెరిస్తే కస్టమర్, ధరలు, స్టాకు సర్వీసులకు కలిపి 40 కాల్స్ వెళ్తున్నాయి, ఒకదాని తర్వాత ఒకటి. లోపలి నెట్‌వర్క్‌లో రాకపోకలకు అర మిల్లీసెకను, అంటే మొత్తం 20 మిల్లీసెకన్లు. ఎవరూ పట్టించుకోలేదు. వీపీఎన్ దాటి వెళ్ళొస్తే 14 మిల్లీసెకన్లు. అవే 40 కాల్స్‌కి 560. సర్వర్లు ఎంత పెద్దవి తీసుకున్నా ఈ అంకె తగ్గదు.

కాబట్టి ముందు ఆపరేషన్లను లావు చేయాలి. ఒక్కో వస్తువుకి ఒక్కో ధర అడిగే ఆపరేషన్ పక్కన, 200 వస్తువుల దాకా ఒకేసారి అడిగే కొత్త ఆపరేషన్ రాశాం. పాతది అలాగే ఉంది. 40 కాల్స్ 5 అయ్యాయి. ఈ మార్పు డేటాసెంటర్‌లో ఉండగానే చేయడం ముఖ్యం. చోటూ కాంట్రాక్టూ ఒకేసారి మారిస్తే, తేడా వచ్చినప్పుడు కారణం దేనిదో తేలదు.

వరుస ఇలా తేలింది: ధరలు, కస్టమర్, స్టాకు, ఆర్డరు, ఇన్‌వాయిస్. ధరలు ముందు ఎందుకంటే అది చదవడమే తప్ప రాయదు. తప్పు జరిగితే ఒక్క రూటింగ్ మార్పుతో వెనక్కి రావచ్చు.

వారం 3: వీపీఎన్ లేచింది, పెద్ద మెసేజ్‌లు ఆగిపోయాయి

టన్నెల్ లేచింది, పింగ్ వెళ్ళింది, పోర్టు తెరుచుకుంది. ఇల్లు అలకగానే పండగ కాదు కదా. ఒక వస్తువు ధర అడిగితే జవాబు వచ్చింది. 20 వస్తువులు అడిగితే కాల్ 60 సెకన్లు వేలాడి టైమౌట్. ప్రతిసారీ ఇంతే.

రెండింటికీ తేడా సైజు. మొదటి రిక్వెస్టు 900 బైట్లు, రెండోది 3 కేబీ. ఈథర్‌నెట్ ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1500 బైట్లు. అందులో ఐపీ హెడర్ 20, టీసీపీ హెడర్ 20 పోగా ఒక్కో సెగ్మెంటులో 1460 బైట్ల డేటా పడుతుంది. ఐపీసెక్ తన హెడర్లు కలిపేసరికి ప్యాకెట్ 1500 దాటుతుంది. ముక్కలు చేయొద్దన్న బిట్ ఉంది కాబట్టి రూటర్ దాన్ని పారేసి, సైజు తగ్గించమని ఐసీఎంపీ (నెట్‌వర్క్ పరికరాల హెచ్చరికల ప్రోటోకాల్) టైప్ 3 కోడ్ 4 మెసేజ్ పంపుతుంది. 'భద్రత కోసం' ఐసీఎంపీ మొత్తాన్ని ఆపేసిన ఫైర్‌వాల్ ఆ కబురును మధ్యలోనే మింగేసింది. పంపేవాడికి విషయం తెలియదు, అదే సైజులో మళ్ళీ మళ్ళీ పంపుతాడు. కనెక్షన్ తెరుచుకునే ప్యాకెట్లు చిన్నవి కాబట్టి అన్నీ బాగున్నట్టే కనిపిస్తుంది.

తేల్చుకునే పద్ధతి: ముక్కలు చేయొద్దన్న ఆప్షన్‌తో పింగ్, సైజు పెంచుకుంటూ పోవాలి. 1372 బైట్ల డేటా వెళ్ళింది, 1373 వెళ్ళలేదు. ఐపీ, ఐసీఎంపీ హెడర్లు 28 కలిపితే ఈ దారి ఎంటీయూ 1400. అందులోంచి 40 తీసేసి, వీపీఎన్ రూటర్‌లో టీసీపీ ఎంఎస్‌ఎస్ (ఒక్కో సెగ్మెంటులో పట్టే డేటా) క్లాంపింగ్, అంటే ఆ సైజుకు హద్దు, 1360కి పెట్టాం. ఫైర్‌వాల్‌లో టైప్ 3 కోడ్ 4ని అనుమతించాం. మొదటిది ఒక్కటి చేసినా టీసీపీ కాల్స్ నడుస్తాయి. రెండోది కూడా కావాలి, రేపు దారిలో ఇంకో పరికరం వస్తే ఇదే తంటా మళ్ళీ రాకుండా.

టెస్టుల్లో చిన్న మెసేజ్‌లే వాడే అలవాటు ఈ వారంతో మానేశాం. ప్రతి ఆపరేషన్‌కీ షీట్‌లో రాసుకున్న పెద్ద సైజుతో ఒక టెస్ట్ తప్పనిసరి.

వారం 4: గేట్‌వే ముందుకొచ్చింది, 'స్టాకు లేదు' అన్న జవాబు సర్వీసునే ఆపేసింది

పిలిచేవాళ్ళందరికీ ఒకే అడ్రసు ఇవ్వడానికి ఈఎస్‌బీ ముందు ఒక ఏపీఐ గేట్‌వే (వచ్చే కాల్స్‌ను సరైన సర్వీసుకు మళ్ళించే ద్వారం) పెట్టాం. వెనక సర్వీసు ఎక్కడుందో గేట్‌వేకి మాత్రమే తెలియాలి. పాతదాన్ని నిలబెట్టి, కొత్తది దాని చుట్టూ అల్లుకుంటూ వెళ్ళే ఈ పద్ధతికి మార్టిన్ ఫౌలర్ 2004లో స్ట్రాంగ్లర్ అని పేరు పెట్టారు. కోర్ సిస్టమ్స్ ఒక్క రాత్రిలో మార్చే ఆలోచన కంటే ఇదే మేలని మా గట్టి నమ్మకం.

రెండు చిన్న ఆటంకాలు ముందు చెబుతాం. ఒకటి, డబ్ల్యూఎస్‌డీఎల్‌లోని అడ్రసు ఎలిమెంటులో పాత సర్వర్ లోపలి పేరు అలాగే ఉంది. కొన్ని క్లయింట్లు మొదలయ్యేటప్పుడు డబ్ల్యూఎస్‌డీఎల్‌ని తెచ్చుకుని, అందులోని అడ్రసుకే నేరుగా వెళ్ళాయి, గేట్‌వేని దాటేసి. డబ్ల్యూఎస్‌డీఎల్‌ని గేట్‌వేనే ఇచ్చేలా, అడ్రసునూ, ఇంపోర్ట్ చేసే స్కీమాల లింకులనూ మార్చి ఇచ్చేలా చేశాం. రెండు, సోప్ 1.1లో ఏ ఆపరేషన్ కావాలో సోప్‌యాక్షన్ అనే హెచ్‌టీటీపీ హెడర్ చెబుతుంది. తెలియని హెడర్లను తీసేసే రూల్ గేట్‌వేలో ఉండటంతో అది రాలిపోయింది. సోప్ 1.2లో అయితే అదే సమాచారం కంటెంట్‌టైప్‌లో యాక్షన్ పారామీటర్‌గా వెళ్తుంది, ఈ ఇబ్బంది రాదు.

అసలు సమస్య ఫాల్ట్‌లది, అంటే సోప్‌లో ఎర్రర్ జవాబులది. సోప్ 1.1 నియమం ప్రకారం ఫాల్ట్ ఉన్న జవాబు హెచ్‌టీటీపీ 500తోనే రావాలి. పాత స్టాకు సర్వీసు 'ఈ వస్తువు స్టాకు లేదు' అన్న మామూలు విషయాన్ని కూడా ఫాల్ట్‌గానే చెబుతుంది. ఈఎస్‌బీకి ఆ సంగతి తెలుసు. గేట్‌వేకి తెలియదు. దాని లెక్కలో 500 అంటే సర్వర్ పాడైనట్టు. రెండు పనులు చేసింది: ప్రతి 'స్టాకు లేదు'కీ ఇంకో రెండుసార్లు అడిగింది. ఆపైన, అలాంటి జవాబులు సగం దాటగానే సర్క్యూట్ బ్రేకర్ (ఫెయిల్యూర్లు ఎక్కువైతే కాల్స్‌ను కాసేపు ఆపే రక్షణ) తెరుచుకుని, నిండుగా స్టాకు ఉన్న వస్తువులకు కూడా 30 సెకన్ల పాటు ఎర్రర్ ఇచ్చింది. సర్వీసు ఆరోగ్యంగా ఉంది, సీపీయూ 10 శాతం లేదు, అయినా బయటికి పడిపోయినట్టే.

ఫాల్ట్‌కోడ్‌లో క్లయింట్ అని ఉంటే పిలిచినవాడి తప్పు, సర్వర్ అని ఉంటే సర్వీసు తప్పు. ఆ ఒక్క తేడా చూస్తే సరిపోవాలి. కానీ పాత కోడ్ అన్నిటికీ సర్వర్ అనే రాస్తోంది. చివరికి ఫాల్ట్ లోపలి డీటెయిల్ ఎలిమెంటు పేరు చూసి విడదీశాం. బిజినెస్ ఫాల్ట్‌ల జాబితాలో ఉంటే అది జవాబే, రీట్రై (మళ్ళీ ప్రయత్నించడం) లేదు, బ్రేకర్ లెక్కలోకి రాదు. 502, 503, 504, టైమౌట్, జాబితాలో లేని ఫాల్ట్, ఇవి మాత్రమే ఫెయిల్యూర్. కొత్త నేమ్‌స్పేస్‌తో వచ్చే రెండో వెర్షన్ కాంట్రాక్టులో 'స్టాకు లేదు' అన్నది ఫాల్ట్ కాదు, రెస్పాన్స్‌లో ఒక స్టేటస్ ఫీల్డు. రాయని సగంలో 'ఏది ఫెయిల్యూర్' అన్న ప్రశ్నకు జవాబు ఇలా దొరికింది.

వారం 5: కంటెయినర్లు

సర్వీసులను కంటెయినర్లలో (ప్రోగ్రామ్‌ను దానికి కావాల్సినవన్నీ కలిపి నడిపే పొట్లాలు) పెట్టడంలో పెద్దగా ఆటంకం లేదు. మూడు సెట్టింగులు మాత్రం తప్పక చూసుకోవాలి.

జేవీఎం (జావా ప్రోగ్రామ్‌లను నడిపేది) డిఫాల్ట్‌గా మెమరీలో నాలుగో వంతే హీప్‌కి (ప్రోగ్రామ్ డేటా ఉండే చోటు) తీసుకుంటుంది. 2 జీబీ కంటెయినర్‌లో 512 ఎంబీ హీప్ చాలక సర్వీసు ఎప్పుడూ గార్బేజ్ కలెక్షన్‌లోనే (అక్కర్లేని మెమరీని ఖాళీ చేయడం) ఉండిపోయింది. 70 శాతానికి పెంచాం. 90 పెడితే హీప్ బయట ఉండే థ్రెడ్లకూ మెటాస్పేస్‌కూ చోటు లేక కర్నెల్ చంపేస్తుంది, ఎగ్జిట్ కోడ్ 137 కనిపిస్తుంది. జావా 8 వాడేవాళ్ళు కనీసం 191 అప్‌డేట్ ఉండేలా చూసుకోవాలి. అంతకు ముందువి కంటెయినర్ హద్దును కాక హోస్ట్ మెమరీ మొత్తాన్ని చూసి హీప్ లెక్కేస్తాయి.

కంటెయినర్లను నడిపే కూబర్నెటీస్ ఒక పాడ్‌ను (అందులో నడిచే సర్వీసు ప్రతి) ఆపేటప్పుడు సిగ్‌టర్మ్ (ఇక ఆగమనే సంకేతం) పంపి, డిఫాల్ట్‌గా 30 సెకన్లు ఆగి చంపేస్తుంది. ఇన్‌వాయిస్ సర్వీసులో 45 సెకన్ల కాల్ ఒకటి ఉంది. ప్రతి డిప్లాయ్‌మెంటుకీ కొన్ని ఇన్‌వాయిస్‌లు మధ్యలో తెగేవి. గడువు 90 సెకన్లు చేశాం. ఆపే ముందు 10 సెకన్లు ఊరికే ఆగేలా ప్రీస్టాప్ పెట్టాం, ఎందుకంటే లోడ్ బ్యాలెన్సర్ జాబితాలోంచి పాడ్ తొలగడం, సిగ్‌టర్మ్ రావడం ఒకేసారి మొదలవుతాయి. జాబితా ఆలస్యమైతే మూతపడుతున్న పాడ్‌కే కొత్త రిక్వెస్టులు వస్తాయి.

క్లౌడ్ మెషీన్లు యూటీసీలో ఉంటాయి, పాత సర్వర్లు స్థానిక సమయంలో. టైమ్‌జోన్ లేకుండా వచ్చే డేట్‌టైమ్ విలువను ఇరువైపులా ఎవరి లెక్కన వాళ్ళు చదివారు. అర్ధరాత్రి దగ్గరి ఆర్డర్లు ఒక రోజు అటూ ఇటూ పడ్డాయి. కొత్త కాంట్రాక్టులో టైమ్‌జోన్ తప్పనిసరి. పాత కాంట్రాక్టుతో వచ్చేవాటికి గేట్‌వేలో కలుపుతున్నాం.

గడియారాల తేడా ఇంకో చోటా బయటపడింది. డబ్ల్యూఎస్ సెక్యూరిటీ (సోప్ మెసేజ్‌ల భద్రతా ప్రమాణం) టైమ్‌స్టాంప్‌ను తనిఖీ చేసే డబ్ల్యూఎస్‌ఎస్4జే లైబ్రరీ డిఫాల్ట్‌గా 300 సెకన్ల దాకా పాతవాటిని, 60 సెకన్ల దాకా భవిష్యత్తువాటిని మాత్రమే ఒప్పుకుంటుంది. డేటాసెంటర్‌లోని ఒక పాత సర్వర్ 80 సెకన్లు ముందుంది. దాని కాల్స్ మాత్రమే తిరిగొచ్చేవి. సెట్టింగును సడలించలేదు, ఆ సర్వర్‌కి ఎన్‌టీపీ (గడియారాన్ని నెట్‌వర్క్ నుంచి సరిదిద్దేది) సరిచేశాం.

వారం 6: టైమౌట్లు, రీట్రైలు

ఉన్న టైమౌట్లన్నీ ఒక కాగితం మీద వరసగా రాసి చూస్తే చాలు, లోపం దానంతట అదే కనిపిస్తుంది. స్క్రీన్ 20 సెకన్లు, గేట్‌వే 30, ఆర్డరు సర్వీసు 60, డేటాబేస్ క్వెరీకి హద్దే లేదు. బయటివాడు విసుగొచ్చి వెళ్ళిపోయాక కూడా లోపలివాళ్ళు ఆ పని చేస్తూనే ఉంటారు. వాడు మళ్ళీ నొక్కుతాడు, పని రెట్టింపు. బయటి నుంచి లోపలికి తగ్గుతూ రావాలి. ఇప్పుడు స్క్రీన్ 20, గేట్‌వే 15, ఆర్డరు 12, స్టాకు 5, క్వెరీ 2.

రీట్రైలది అంతకంటే ప్రమాదం. గేట్‌వే, ఆర్డరు, స్టాకు క్లయింట్, మూడు అంతస్తుల్లోనూ 'మూడుసార్లు ప్రయత్నించు' అని ఉంది. 3 × 3 × 3. కింద డేటాబేస్ నెమ్మదిస్తే ఒక్క క్లిక్‌కి 27 ప్రయత్నాలు. ఇప్పుడు రీట్రై ఒక్క అంతస్తులోనే, పిలిచిన సర్వీసుకు అతి దగ్గరి క్లయింట్‌లో, అదీ చదివే ఆపరేషన్లకే, మొత్తం రెండే ప్రయత్నాలు. మధ్యలో 200 నుంచి 400 మిల్లీసెకన్ల ఆగుడు, ఎంతన్నది యాదృచ్ఛికంగా. అందరూ కచ్చితంగా 200కే లేస్తే అదే ఇంకో ఉప్పెన. రెండు ప్రయత్నాలకు 2 సెకన్ల చొప్పున, ఆగుడుతో కలిపి 4.4. స్టాకుకి ఇచ్చిన 5 సెకన్లలో పడుతుంది.

ఈ వారంలోనే ఇంకో అంతుపట్టని లోపం తేలింది. ప్రతి ఉదయం మొదటి కాల్ వేలాడేది, రెండోది నిక్షేపంగా నడిచేది. రాత్రంతా ఖాళీగా ఉన్న కనెక్షన్‌ను దారిలోని పరికరం మరిచిపోతుంది, తెరిచిన కనెక్షన్లను దాచిపెట్టుకునే పూల్ మాత్రం అది బతికే ఉందనుకుంటుంది. అమెజాన్ నాట్ గేట్‌వేలో ఆ గడువు 350 సెకన్లు, అజూర్ లోడ్ బ్యాలెన్సర్‌లో డిఫాల్ట్‌గా 4 నిమిషాలు. లినక్స్ టీసీపీ కీప్‌ఎలైవ్ (కనెక్షన్ బతికుందా అని తట్టి చూసేది) మొదటిసారి తట్టేది 7,200 సెకన్లకు. దాన్ని 120కి దించాం. పూల్‌లో ఖాళీగా ఉన్న కనెక్షన్‌ను 180 సెకన్లకు మూసేయమన్నాం.

వారం 7: ఆటోస్కేలింగ్ డేటాబేస్‌ని పడగొట్టింది

క్లౌడ్ కంప్యూటింగ్‌కి అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2011లో ఇచ్చిన నిర్వచనంలో ఐదు లక్షణాలున్నాయి. వాటిలో 'వేగంగా సాగడం, కుంచించుకోవడం' ఒకటి. లోడ్‌ను బట్టి ప్రతులు (ఇన్‌స్టెన్స్‌లు) వాటంతటవే పెరిగే ఆటోస్కేలింగ్‌తో సర్వీసు సాగుతుంది, దాని కింది డేటాబేస్ సాగదు. కొత్త కస్టమర్ సర్వీసు డేటా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉంది. డిఫాల్ట్ కనెక్షన్ల హద్దు 100, అందులో 3 సూపర్‌యూజర్‌కి. మిగిలేది 97. ఒక్కో ఇన్‌స్టెన్స్ పూల్ 20 కనెక్షన్లు. నాలుగుంటే 80. లోడ్ టెస్టులో ఐదోది లేవగానే 100 కావాలి, దొరకలేదు, హెల్త్ చెక్ ఫెయిల్, దాన్ని చంపి ఇంకోటి లేపడం, అదీ ఫెయిల్. లోడ్ పెరిగిందని లేపినవి లోడ్ తీయకపోగా, ఉన్న నాలుగింటికీ ఆటంకమయ్యాయి.

హద్దు 500 చేయడం సులువు. కానీ పోస్ట్‌గ్రెస్‌లో కనెక్షన్‌కో ప్రాసెస్, మెమరీ అందుకే పోతుంది. అసలు ఎన్ని కావాలో లెక్కేద్దాం: ఒక ఇన్‌స్టెన్స్‌కి సెకనుకి 30 రిక్వెస్టులు, ఒక్కో క్వెరీ 40 మిల్లీసెకన్లు. 30 × 0.04 = 1.2. సగటున ఒకటింపావు కనెక్షన్ పనిలో ఉంటుంది. 20 ఎవరో అలవాటుగా పెట్టిన అంకె. 6 చేశాం. గరిష్ఠంగా 12 ఇన్‌స్టెన్స్‌లు, అంటే 72. రోలింగ్ అప్‌డేట్‌లో (ప్రతులను కొన్ని కొన్నిగా కొత్త వెర్షన్‌కి మార్చడం) డిఫాల్ట్‌గా 25 శాతం అదనం లేస్తాయి, 15 అవుతాయి, 90. మిగిలే 7లో నెలాఖరు బ్యాచ్‌కి 4 చాలు. ఈ గుణకారం ఇప్పుడు డిప్లాయ్‌మెంట్ పైప్‌లైన్‌లో ఒక తనిఖీ: గరిష్ఠ ఇన్‌స్టెన్స్‌లు, అదనం, పూల్ సైజు గుణించి హద్దు దాటితే బిల్డ్ ఆగుతుంది.

ఇదే లెక్క థ్రెడ్లకూ వర్తిస్తుంది. ఆర్డరు సర్వీసుకి సెకనుకి 50 రిక్వెస్టులు, ఒక్కోటి 0.2 సెకన్లు, 10 థ్రెడ్లు చాలు. లెడ్జర్ నెమ్మదించి ఒక్కోటి 4 సెకన్లయితే 200. సర్వీసు నడిచే టామ్‌క్యాట్ సర్వర్ డిఫాల్ట్ గరిష్ఠం సరిగ్గా 200. అప్పుడు లెడ్జర్‌తో సంబంధమే లేని 'ఆర్డరు చూపించు' కూడా ఆగిపోతుంది. లెడ్జర్ కాల్స్ ఏకకాలంలో 20కి మించకుండా హద్దు పెట్టాం. కానీ హద్దు దాటినవాటిని ఏం చేయాలి? ఆ ప్రశ్నే వచ్చే వారాల పని.

వారం 8, 9: ఆర్డరుకూ లెడ్జర్‌కూ మధ్య క్యూ

ఆర్డరు పడగానే లెడ్జర్‌లో ఎంట్రీ అదే క్షణంలో పడాల్సిన అవసరం ఉందా అని అకౌంట్స్ వాళ్ళను అడిగాం. రోజు ముగిసేలోపు పడితే చాలు, కానీ ఒక్కటీ తప్పకూడదు, ఒక్కటీ రెండుసార్లు పడకూడదు అన్నారు. సింక్రనస్ కాల్ తీసేయడానికి ఆ మాట చాలు. పాత డిజైన్‌లో రెండు డేటాబేస్‌లకూ కలిపి ఎక్స్‌ఏ ట్రాన్సాక్షన్ (రెండు చోట్లా పడితేనే ఖాయమయ్యేది) ఉండేది. వీపీఎన్ అవతల నుంచి లెడ్జర్ టేబుళ్ళను లాక్ చేసి ఉంచడం కుదరని పని.

కొత్త దారి: ఆర్డరు సేవ్ అయ్యే ట్రాన్సాక్షన్‌లోనే అవుట్‌బాక్స్ (పంపాల్సిన మెసేజ్‌ల) టేబుల్‌లో ఒక వరుస కూడా పడుతుంది. రెండూ పడతాయి, లేదా రెండూ పడవు. ఒక చిన్న వర్కర్ అవుట్‌బాక్స్‌ని చదివి క్యూలో వేస్తుంది. డేటాసెంటర్‌లోని కనెక్టర్ క్యూ నుంచి తీసుకుని పాత సోప్ ఆపరేషన్‌నే పిలుస్తుంది. లెడ్జర్ కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు. కనెక్షన్ లోపలి నుంచి బయటికే వెళ్తుంది కాబట్టి ఫైర్‌వాల్‌లో లోపలికి కొత్త రంధ్రం అక్కర్లేదు.

క్యూలు ఒక మెసేజ్‌ను కనీసం ఒకసారి ఇస్తాయి. రెండుసార్లు కూడా ఇవ్వవచ్చు. అమెజాన్ క్యూ సర్వీసు ఎస్‌క్యూఎస్‌లో విజిబిలిటీ టైమౌట్ (తీసుకున్న మెసేజ్ ఇతరులకు కనిపించకుండా ఉండే సమయం) డిఫాల్ట్ 30 సెకన్లు. నెలాఖరున లెడ్జర్ కాల్ 40 సెకన్లు పడుతుంది. 30 దాటగానే ఆ మెసేజ్ మళ్ళీ క్యూలో కనిపిస్తుంది, ఇంకో కనెక్టర్ అందుకుంటుంది, ఒకే ఆర్డరుకి రెండు ఎంట్రీలు. టైమౌట్‌ను 180 చేశాం. అది తరచుదనాన్ని తగ్గిస్తుందే కానీ సమస్యను తీర్చదు. లెడ్జర్ ఎంట్రీ వేసి జవాబు పంపే లోపు కనెక్టర్ పడిపోతే అదే పరిస్థితి.

తీర్చాలంటే లెడ్జర్‌నే అడగాలి: 'ఈ రెఫరెన్స్‌తో వోచర్ ఉందా?' ఆ ఆపరేషన్ ముందు నుంచీ ఉంది. రెఫరెన్స్‌గా అవుట్‌బాక్స్ వరుస యూయూఐడీని (ఇంకెక్కడా రాని ఐడీ) పంపాం. అది 36 అక్షరాలు, లెడ్జర్ ఫీల్డు 20. పాత సర్వీసు ఎర్రర్ ఇవ్వకుండా మిగతా 16 కత్తిరించి దాచుకుంది. వెతికితే 36 అక్షరాలతో ఏదీ దొరకలేదు, కాబట్టి ప్రతి రీట్రైకీ కొత్త ఎంట్రీ. టెస్ట్ లెడ్జర్‌లో మొత్తాలు సరిపోలకపోతే బయటపడింది. యూయూఐడీని బేస్32లో రాసినా 26 అక్షరాలు, అదీ పట్టదు. చివరికి 10 అంకెల ఆర్డరు నంబరు, 2 అక్షరాల ఎంట్రీ రకం, 3 అంకెల వరుస సంఖ్య, మొత్తం 15. కళ్ళతో చూసి ఏ ఆర్డరుదో చెప్పేయవచ్చు, అకౌంట్స్ వాళ్ళకు ఇదే నచ్చింది.

'అడిగి, లేకపోతే వెయ్యి' అన్నదాంట్లో కూడా సందు ఉంది: ఇద్దరు కనెక్టర్లు ఒకేసారి అడిగితే ఇద్దరికీ 'లేదు' అనే వస్తుంది. అందుకని కనెక్టర్ల ఉమ్మడి టేబుల్‌లో రెఫరెన్స్ మీద యూనిక్ కీ (ఒకే విలువను రెండోసారి పడనివ్వనిది) పెట్టి, ముందు అక్కడ వరుస వేయగలిగినవాడే లెడ్జర్ దగ్గరికి వెళ్తాడు. వాడు మధ్యలో పడిపోతే, 10 నిమిషాలు దాటిన వరుసను ఇంకొకరు తీసుకోవచ్చు, లెడ్జర్‌ని అడిగాకే.

ఐదుసార్లు ఫెయిల్ అయిన మెసేజ్ డెడ్ లెటర్ క్యూకి. ఎస్‌క్యూఎస్ మెసేజ్‌లను డిఫాల్ట్‌గా 4 రోజులే ఉంచుతుంది, గరిష్ఠం 14. స్టాండర్డ్ క్యూలో డెడ్ లెటర్‌కి మారినా గడువును మొదట పడిన సమయం నుంచే లెక్కిస్తారు. వరుస సెలవులొస్తే నాలుగు రోజులు ఇట్టే గడుస్తాయి. డెడ్ లెటర్‌కి 14 పెట్టాం, ఒక్క మెసేజ్ పడినా అలర్ట్.

వారం 10: ఎవరు పిలుస్తున్నారో తెలియాలి

ఈఎస్‌బీ వెనక సర్వీసులన్నీ ఒకే యూజర్‌నేమ్‌తో మాట్లాడుకునేవి, ఆ పాస్‌వర్డ్ తొమ్మిది కాన్ఫిగ్ ఫైళ్ళలో ఉంది. క్లౌడ్ వైపు ఒక్కో సర్వీసుకి సొంత గుర్తింపు, ఓఆథ్ 2.0 క్లయింట్ క్రెడెన్షియల్స్ (సర్వీసు తన ఐడీ, రహస్యం చూపి టోకెన్ తీసుకునే పద్ధతి), 10 నిమిషాల టోకెన్. పాత సర్వీసులకు టోకెన్ అర్థం కాదు కాబట్టి గేట్‌వే దాన్ని పరిశీలించి డబ్ల్యూఎస్ సెక్యూరిటీ హెడర్‌గా మార్చి లోపలికి పంపుతుంది. టోకెన్‌ను ప్రతి కాల్‌కీ కొత్తగా తెచ్చుకునే క్లయింట్ ఒకటి టోకెన్ సర్వర్‌ను ముంచేసింది. గడువుకి ఒక నిమిషం ముందు దాకా దాచుకోమని చెప్పాం.

వారం 11: ధరల సర్వీసు నీడలో నడిచింది

వారం రోజులు ప్రతి రిక్వెస్టూ పాతదానికీ కొత్తదానికీ వెళ్ళింది. పిలిచినవాడికి జవాబు పాతది, రెండు జవాబుల పోలిక విడిగా. చదివే ఆపరేషన్లకు మాత్రమే ఇలా చేయాలి. రాసేవాటిని రెండు చోట్లకూ పంపితే మనమే నకిలీలు సృష్టించినట్టు.

ఎక్స్‌ఎంఎల్‌ను అక్షరాలుగా పోల్చకూడదు. నేమ్‌స్పేస్ ప్రిఫిక్సు వేరు, 12.5 బదులు 12.50, ఇవన్నీ తేడాలుగా కనిపిస్తాయి. విలువలుగా మార్చి పోల్చాక మిగిలిన అసలు తేడా ఒక్కటే, రౌండింగ్. పాతది డేటాబేస్ ఫంక్షన్‌తో 2.345ను 2.35 చేస్తోంది. కొత్త కోడ్ సరి అంకె వైపు మొగ్గే పద్ధతిలో 2.34 చేస్తోంది. ఒక్కో వరుసలో ఒక్క పైసా, పెద్ద ఇన్‌వాయిస్‌లో కంటికి కనిపించే మొత్తం. పాతదే సరైనదని అకౌంట్స్ తేల్చింది. రౌండింగ్ నియమాన్ని కాంట్రాక్టు డాక్యుమెంటులో రాసి, 2.345తో ఒక టెస్ట్ పెట్టాం.

తర్వాత 1 శాతం, 5, 25, 50, 100. ఈ మళ్ళింపు గేట్‌వే వెయిట్‌లతోనే, డీఎన్‌ఎస్‌తో (పేరును ఐపీ అడ్రసుగా మార్చేది) కాదు. డీఎన్‌ఎస్ టీటీఎల్ (జవాబును దాచుకునే గడువు) 60 సెకన్లు పెట్టినా, సెక్యూరిటీ మేనేజర్‌తో నడిచే పాత జేవీఎం ఒకసారి తెలుసుకున్న ఐపీని రీస్టార్ట్ దాకా వదలదు. వెనక్కి రావాల్సిన రోజున అదే గొంతుకు అడ్డం పడుతుంది. 25 శాతం దగ్గర ఒకసారి కావాలనే వెనక్కి వచ్చి చూశాం. 40 సెకన్లలో ట్రాఫిక్ అంతా పాతదాని మీదికి చేరింది.

వారం 12: ప్రస్తుతం

ధరలు, కస్టమర్ పూర్తిగా క్లౌడ్‌లో. స్టాకు 25 శాతం దగ్గర.

ఒక రిక్వెస్టు ఏ సర్వీసుల గుండా వెళ్ళిందో చూసే ట్రేసింగ్‌కి డబ్ల్యూ3సీ ట్రేస్‌పేరెంట్ హెడర్ గేట్‌వేలో మొదలై, ఈఎస్‌బీ గుండా, క్యూ మెసేజ్ యాట్రిబ్యూట్‌గా, లెడ్జర్ కనెక్టర్ దాకా వెళ్తోంది. 55 అక్షరాల హెడర్ అది. పాత ఈఎస్‌బీలో దాన్ని ముందుకు పంపే రూల్ రాయడానికి రెండు రోజులు పట్టింది, ఆ రెండు రోజులకూ చింత లేదు. సోప్ మెసేజ్ మొత్తాన్ని లాగ్‌లో రాసే పాత అలవాటును మాత్రం ఆపేశాం. డేటాసెంటర్‌లో డిస్క్ నిండేది, ఇక్కడ ప్రతి జీబీకి మీటరు తిరుగుతుంది. ఫెయిల్ అయినవి పూర్తిగా, మిగతావాటిలో వందకి ఒకటి. క్లౌడ్ నుంచి బయటికి వెళ్ళే జవాబులకు జీజిప్ పెట్టాం, ఒకే ట్యాగులు పదే పదే వచ్చే ఎక్స్‌ఎంఎల్ బాగా నొక్కుకుంటుంది.

ఐదు సర్వీసులు వరసగా పిలుచుకుంటే, ఒక్కోటి 99.9 శాతం నిలబడినా మొత్తానికి 99.5. అంటే 30 రోజుల్లో 43 నిమిషాలు కాదు, మూడున్నర గంటలకు పైనే. ఆర్డరు స్క్రీన్ దారిలో తప్పనిసరి సర్వీసులను ఐదు నుంచి మూడుకి తెచ్చాం. ధర దొరక్కపోతే 15 నిమిషాల లోపు కాషేలో (తాత్కాలిక నిల్వ) ఉన్న ధర చూపించి, ఆర్డరు ఖాయం చేసేటప్పుడు మళ్ళీ సరిచూడటం ఒకటి. లెడ్జర్ క్యూ వెనక్కి వెళ్ళడం రెండోది.

షీట్‌లో మూడు గళ్ళు ఇంకా ఖాళీ. ఇన్‌వాయిస్ రద్దు ఆపరేషన్ రెండుసార్లు వస్తే ఏం చేయాలో అకౌంట్స్ ఇంకా చెప్పలేదు. స్టాకు రిజర్వేషన్‌ను ఎంతసేపు పట్టి ఉంచాలో సేల్స్ 15 నిమిషాలంటున్నారు, గోదాము 5 అంటున్నారు. త్రైమాసిక బ్యాచ్ పంపే అతి పెద్ద మెసేజ్ 6 ఎంబీ, గేట్‌వే హద్దు 10 ఎంబీ, కానీ ఆ సైజులో 12 సెకన్ల లోపు వస్తుందో లేదో కొలవలేదు. ఈ మూడూ నిండేదాకా ఆర్డరు సర్వీసు కదలదు. సోమవారం 6 ఎంబీ టెస్టుతో మొదలు.